చిగుళ్ళ మీది నీలిగీత

మా తరం రచయితలకు సీసంతో పరిచయం అచ్చాఫీసులో అయింది. నేను మొదటిసారి గ్యాలీ ప్రూఫులు దిద్దడానికి వెళ్ళిన ప్రెస్సులో, కిటికీ పక్కన కేసుల ముందు నిలబడి, ఒత్తులూ గుడులూ ఏరి స్టిక్‌లో పేర్చే ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ మేస్త్రీ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. నల్లబడిన వేళ్ళతోనే టీ గ్లాసు అందుకునేవాడు, ఆ వేళ్ళతోనే బీడీ. తరచు కడుపు పట్టుకుని స్టూలు మీద కూలబడేవాడు. వీధి చివరి డాక్టరు మొదట వాయువన్నాడు, తర్వాత పుండన్నాడు. యజమాని దయతలచి రోజుకో గ్లాసు పాలు ఏర్పాటు చేశాడు. పాలు సీసానికి విరుగుడు కావు. కార్మికుల ఆకలి మీద రాసిన కవితల్ని ఆ చేతులతోనే అచ్చు కూర్పించుకున్న మాకెవరికీ ఆ సంగతి తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు. ఆయన రక్తాన్ని ఎవరూ ఎన్నడూ పరీక్షించలేదు కనుక, ఆ జబ్బు సీసం తెచ్చిందేనని ఇప్పుడెవరూ రుజువు చెయ్యలేరు.

ఈ వ్యాసానికి నన్ను పురికొల్పింది ఆ రుజువు ప్రశ్నే. కార్మికుని ఒంట్లో విషం చేసే పనిని కనిపెట్టే పద్ధతులు మూడు శతాబ్దాల్లో ఎంతో పెరిగాయి. అలా కనిపెట్టిన సంగతి ఎవరి చేతికి పోయింది, దాంతో వాళ్ళేం చేశారు అనేదాన్ని వైద్యగ్రంథాలు సాధారణంగా పట్టించుకోవు.

1700లో ఇటలీలోని మొడెనాలో రామజ్జీని వృత్తిరోగాల మీద పుస్తకం ప్రకటించాడు. రోగిని నీ పని ఏమిటని కూడా అడగమని తోటి వైద్యులకు చెప్పినవాడు ఆయన. సీసపు పూత పూసే కుమ్మరుల చేతులు వణికి, చచ్చుబడి, పళ్ళూడిపోవడం ఆయన గమనించాడు. 1839లో పారిస్‌లో టాంకెరెల్ సుమారు 1,200 మంది రోగుల్ని చూసి సీసం జబ్బుల మీద రెండు సంపుటాలు రాశాడు. మరుసటి ఏడు లండన్‌లో హెన్రీ బర్టన్, సీసం ఒంటికి పట్టినవాళ్ళ చిగుళ్ళ అంచున నీలిగీత ఏర్పడుతుందని చూపించాడు. నోరు తెరిస్తే చాలు, కనిపించే గుర్తు. 19వ శతాబ్ది చివరికి సూక్ష్మదర్శిని కింద, ఎర్ర రక్తకణాల్లో చుక్కలు కనిపించాయి. చెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోకముందే వైద్యుడికి తెలిసే వీలు ఏర్పడింది.

బ్రిటన్‌లో 1895 చట్టం సీసం జబ్బును ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలన్నది. 1898లో థామస్ లెగ్ ఫ్యాక్టరీల తొలి వైద్య ఇన్స్‌పెక్టరయ్యాడు. 1900లో ఆయన శాఖకు అందిన కేసులు వెయ్యి దాటాయి. యజమాని చెయ్యగలిగిందంతా చేసేదాకా కార్మికుడు తనను తాను కాపాడుకోలేడన్నది లెగ్ తేల్చుకున్న విషయం. తెల్లసీసం రంగుల మీద 1921లో జరిగిన అంతర్జాతీయ ఒప్పందాన్ని తన ప్రభుత్వం ఆమోదించనందుకు 1926లో ఉద్యోగం వదిలేశాడు. అధికారుల్లో ఇలాంటివాళ్ళు అరుదు.

అమెరికాలో ఆ పాటి లెక్కలు కూడా లేవు. 1910లో ఇల్లినాయి రాష్ట్రంలో సర్వేకు దిగిన ఆలిస్ హామిల్టన్ ఫ్యాక్టరీ తలుపు దగ్గర ఆగిపోలేదు. ఆస్పత్రి రికార్డులు తిరగేసింది, కార్మికుల ఇళ్ళకు వెళ్ళి భార్యల్ని అడిగింది. మా ఫ్యాక్టరీలో జబ్బులు లేవన్న యజమాని మాటనూ, జబ్బుపడి మానేసినవాడి ఇంటినీ పక్కపక్కన పెట్టి చూసింది. సీసం వాడే పని పద్ధతులు డెబ్బైకి పైగా ఉన్నాయని తేల్చింది. 1917లో చార్లెస్ వెరిల్‌తో కలిసి అచ్చు కార్మికుల ఆరోగ్యం మీద ప్రభుత్వానికి ఒక నివేదిక రాసింది. మా మేస్త్రీ పుట్టకముందే అది అచ్చయింది. దాన్ని కూర్చింది కూడా కంపోజిటర్లే అయివుండాలి.

శాస్త్రం దారి మళ్ళింది ఆ తర్వాత. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో, పెట్రోలులో కలిపే సీసపు సమ్మేళనం తయారుచేస్తూ అయిదుగురు కార్మికులు మతిచలించి చనిపోయారు. ఆ పరిశ్రమ డబ్బుతోనే సిన్సినాటిలో రాబర్ట్ కెహో ప్రయోగశాల నడిచింది. ఆయన కొలతలు జాగ్రత్తగానే కొలిచాడు, అది ఒప్పుకోవాలి. తప్పు కొలతలో లేదు, దేనితో పోల్చాడన్నదాంట్లో ఉంది. ఫ్యాక్టరీకి దూరంగా ఉండే మెక్సికో పల్లె జనం ఒంట్లోనూ సీసం ఉంది కనుక మనిషి ఒంట్లో సీసం సహజమన్నాడు. వాళ్ళు తినే మట్టిపాత్రల మీద సీసపు పూతే ఉంది! 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మైక్రోగ్రాముల దాకా ప్రమాదం లేదన్న ఆయన హద్దు దశాబ్దాల తరబడి శాసనంలా నిలిచింది. 1965లో, భూమి వయసు లెక్కగట్టిన భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్, సామాన్య అమెరికన్ ఒంట్లోని సీసం సహజమైన మోతాదుకు సుమారు నూరు రెట్లని చెప్పేదాకా, 'అందరిలో ఉన్నది', 'ఉండవలసినది' అన్న తేడాను గట్టిగా అడిగినవాడు లేడు.

1970లలో పరీక్షలు మరింత సూక్ష్మమయ్యాయి. సీసం రక్తంలో హీమ్ తయారయ్యే పనిని అడ్డుకుంటుంది. ఇనుము చేరవలసిన చోట జింకు చేరుతుంది. ఆ పదార్థం నీలికాంతి పడితే ఎర్రగా మెరుస్తుంది. బెల్ ప్రయోగశాలల్లో తయారైన చిన్న యంత్రంలో ఒక్క బొట్టు రక్తం పెడితే, ఎర్రకణం ఆయుష్షు నూటఇరవై రోజులు గనుక, గత మూడు నాలుగు నెలల్లో ఆ కార్మికుడి మీద ఏం జరిగిందో చెప్పేస్తుంది. కార్మికుడికి నొప్పి తెలియకముందే తెలుస్తుంది.

మరి దాన్నేం చేశారు? కొన్ని కంపెనీలు సీసాన్ని కట్టి బయటికి లాగే మందులు కార్మికులకిచ్చి, రక్తంలో అంకె దించి, మళ్ళీ అదే పొగలోకి పంపాయి. గాలి మారలేదు, కాగితం మీద అంకె మారింది. 1978లో పశ్చిమ వర్జీనియాలోని విల్లో ఐలండ్‌లో అమెరికన్ సయనమిడ్ కంపెనీ, సీసపు రంగుల విభాగంలో పిల్లలు కలిగే వయసు ఆడవాళ్ళు ఉండరాదన్నది. ఉద్యోగం నిలుపుకోవడానికి అయిదుగురు ఆడవాళ్ళు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. 1980లో ఆ విభాగమే మూతపడింది. బ్యాటరీ కార్మికులైన మగవాళ్ళ వీర్యాన్ని సీసం దెబ్బతీస్తుందని రుమేనియా పరిశోధకులు 1975లోనే ప్రకటించారు. మగవాళ్ళను మాత్రం ఎవరూ బయటికి పంపలేదు. ఇలాంటి నిషేధం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు జాన్సన్ కంట్రోల్స్ కేసులో చెప్పేసరికి 1991 వచ్చింది.

అదే 1978లో మరో దారి కూడా తెరుచుకుంది. సంఘాలు పోరాడి తెచ్చుకున్న ప్రభుత్వ నిబంధన గాలిలో సీసాన్ని ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములకు దించింది, మందులతో అంకె దించే పనిని నిషేధించింది. రక్తంలో సీసం 40 దాటితే అయిదు పనిదినాల్లో కార్మికుడికి రాతపూర్వకంగా చెప్పాలి. సీసం బాగా పెరిగితే పద్దెనిమిది నెలల దాకా జీతం తగ్గకుండా ఆ పని నుంచి తప్పించాలి. ఆ జీతమే కీలకం. జీతం పోతుందన్న భయం ఉన్నంతకాలం ఏ కార్మికుడూ నిజం చెప్పే పరీక్షకు చెయ్యి చాపడు.

మన ఫ్యాక్టరీల చట్టం 1948లో రోగాల పట్టికలో మొదటి పేరుగా సీసాన్నే రాసుకుంది. భోపాల్ తర్వాత 1987లో చేసిన సవరణ, ప్రమాదకర పనుల్లో కార్మికుల ఆరోగ్య రికార్డులు కార్మికులకు అందుబాటులో ఉండాలన్నది. సీసానికి అది రాసిన హద్దు ఘనమీటరుకు 0.15 మిల్లీగ్రాములు, అమెరికా అప్పటికే పెట్టుకున్నదానికి మూడు రెట్లు.

మేస్త్రీకి అదీ దక్కలేదు. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. మా ప్రెస్సు హాజరుపట్టీలో పేర్లు తొమ్మిదే, పనివాళ్ళు పన్నెండు మంది ఉన్న రోజుల్లో కూడా. ఆఫ్‌సెట్ వచ్చాక ఆ టైపునంతా యజమాని తూకానికి అమ్మేశాడు. కేసులు ఖాళీ చేసి, సంచుల్లో నింపి కాటా మీద పెట్టింది మేస్త్రీయే. 2020 నాటి కార్మిక కోడ్, ఫ్యాక్టరీ నిర్వచనంలోని ఆ పదిని ఇరవై చేసింది.