కాకి హంస అయిన తావు

కృష్ణవేణి సముద్రంలో కలిసే చోట, దివిసీమలో, హంసలదీవి అనే గ్రామమున్నది. అక్కడి వేణుగోపాలస్వామి ఆలయాన్ని గూర్చిన స్థలగాథ చాలమందికి తెలిసినదే. స్నానమాడినవారు విడిచిన పాపాలవలన గంగానది నల్లబడి కాకి రూపం దాల్చినదట. పుణ్యతీర్థాలన్నిటిలోను మునుగుతూ వచ్చి, ఈ సాగరసంగమంలో మునగగానే తెల్లని హంసయై లేచినదట.

నదికి సోకిన మాలిన్యాన్ని గూర్చిన కథ ఇది. సంస్కృతంలో 'కలుషం' అంటే మురికి, పాపం కూడ. నేడు మనం వాడే 'కాలుష్యం' దానినుండి పుట్టినదే. 1974లో పార్లమెంటు జలకాలుష్య నివారణ చట్టం చేసినప్పుడు ఈ మాటకు అర్థం ఇంకా విస్తరించినది. మురికి కంటికి కనబడనక్కరలేదు. ఆరోగ్యానికో, సేద్యానికో, జలచరాలకో హాని కలిగేటట్లు నీటి గుణం మారితే చాలును.

ఈ దృష్టితో చూస్తే, తేటగా కనబడే ఉప్పునీరు కూడ చేనికి మాలిన్యమే. దివిసీమ రైతు 'చవుడు' అనేదానినే శాస్త్రజ్ఞులు 'లవణీకరణ' అన్నారు. సముద్రజలం భూగర్భంలో లోపలికి వచ్చుటకు 'ఉప్పునీటి చొరబాటు' అని పేరు. ఒకప్పుడు బందరులో వర్తకశాల నడిపిన డచ్చివారి దేశంలో 19వ శతాబ్ది చివర దీనికొక లెక్క కట్టినారు. మంచినీరు తేలిక గనుక ఉప్పునీటిపై తేలుతుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే, దిగువ సుమారు 40 అడుగులవరకు మంచినీరే ఉంటుంది. పైనున్న ఆ అడుగు తోడివేస్తే, క్రిందినుండి 40 అడుగుల ఉప్పు క్రమంగా పైకి వస్తుంది.

భూమిలో ఆ మంచినీటిని నిలిపేవి వానలు, నది, కాలువలు. 1832-33లో వచ్చిన గుంటూరు కరవు తరువాత, 1855 నాటికి బెజవాడవద్ద ఆనకట్ట పూర్తయి డెల్టాకు అన్నం పెట్టినది. 1957లో ప్రకాశం బరాజు, అటుపిమ్మట ఎగువన నాగార్జునసాగరం, శ్రీశైలం వచ్చినవి. పంటలకు నీరు దక్కినది. సముద్రానికి చేరే నీరు, ఒండ్రుమట్టి తగ్గినవి. ఈ డెల్టా ఆ ఒండ్రుతో ఏర్పడిన నేల. ఒండ్రు రానిచోట తీరం కోతకు గురి కావడం సహజం.

ఆ నీటికొరకే మడ అడవులు కూడ ఎదురుచూస్తాయి. మడచెట్టు ఉప్పును ఓర్చుకొంటుంది, బురదలోనుండి వేళ్లను పైకి పంపి గాలి పీలుస్తుంది. అయినను అది ఏపుగా పెరుగుటకు ఉప్పునీటితో నదీజలం కలియవలెను. దట్టమైన మడ అలల వేగాన్ని విరుస్తుంది. దీని విలువ ఈ తీరానికి వేరుగా చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించినారు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకొలది ప్రజలు కొట్టుకొనిపోయినారు. తుపానును ఆపుట మన చేతిలో లేదు. తీరాన చెట్టును నిలుపుట మన చేతిలో ఉన్నది.

నేటికిని మాఘపూర్ణిమనాడు వేలాది జనం ఈ సంగమంలో స్నానం చేస్తారు. వారు నమ్మి వచ్చే గాథలో కాకిని హంసను చేసినది ఒక్క సముద్రం కాదు, సముద్రంతో కలిసిన నది. ఎగువన పొలానికి నీరు పంచేటప్పుడు సంగమానికి కూడ ఒక వాటా ఉంచవలెను.