కాన్ పెట్టి నేర్చుకున్న జుబాన్: సాంబా తారీఖ్

మన ఇళ్లల్లో ఇప్పుడు రెండు కంప్యూటర్లు వింతేమీ కాదు. పిల్లల చదువుకు విండోస్‌ది ఒకటి, పాతబడినా పారేయబుద్ధి కాక లినక్స్ వేయించుకున్నది ఇంకొకటి. వైఫై ఒకటే. అయినా పెన్‌డ్రైవ్ పట్టుకుని ఈ గదికీ ఆ గదికీ తిరుగుతుంటాం. ఆ తిరుగుడు తప్పించే సాఫ్ట్‌వేర్ పేరు సాంబా. ముఫ్త్. దాని తారీఖ్ మాత్రం అంత సీదాసాదాగా లేదు.

ముందు జుబాన్ సంగతి. 1980ల మొదట్లో ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు, ఒక కంప్యూటర్‌లోని ఫైలును ఇంకో కంప్యూటర్ నుంచి తెరిచే పద్ధతి తయారుచేశాడు. దాన్నే ఎస్ఎంబీ అంటారు. అంతా సవాల్-జవాబ్. ఒకటి ఫైలు అడుగుతుంది. రెండోది పేరూ పాస్‌వర్డూ చూసి, ఇజాజత్ ఉంటే ఇస్తుంది, లేకుంటే దర్వాజా మూసేస్తుంది. మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని తీసుకుని, పెంచి, విండోస్‌కు మాతృభాషలా చేసుకుంది. కొత్తగా కలిపిన మాటల లుగత్ మాత్రం బయటివాళ్లకు పూర్తిగా ఇవ్వలేదు.

ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిజెల్ అని పీహెచ్‌డీ చేసే ఒక తాలిబ్-ఎ-ఇల్మ్. డాస్ నడిచే పీసీ నుంచి యూనిక్స్ సర్వర్‌లోని డిస్కు తెరవడం ఆయన అవసరం. తీగలో పోతున్న మాటలను పట్టి చూపించే ప్రోగ్రామ్ ఒకటి రాసుకుని, ఏ సవాల్‌కు ఏ జవాబ్ వస్తోందో చూస్తూ కూర్చున్నాడు. 1992 జనవరిలో తన సర్వర్‌ను లోకానికి ఇచ్చేశాడు. తర్వాత ఈ పద్ధతికి ఆయనే ఒక మిసాల్ చెప్పేవాడు. ఫ్రెంచ్ రాని మనిషి ఫ్రాన్స్‌లో ఒక కేఫ్‌లో కూర్చుని, ఎవరేం అడిగితే బేరా ఏం తెస్తున్నాడో చూసి భాష నేర్చుకున్నట్టట. నాకైతే ఇందులో దొంగతనం ఏ కోణంలోనూ కనిపించదు. వీధిలో విని తెలుగు నేర్చుకున్న మన పెద్దవాళ్లు చేసింది కూడా ఇదే కదా!

రెండేళ్లు ఆ సర్వర్‌ను ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఈలోగా ఇంట్లో లినక్స్ పెట్టుకున్నాడు. బేగం గారి కంప్యూటర్ విండోస్‌ది. రెండిటినీ కలపాలని పాత ప్రోగ్రామ్‌ను బయటికి తీస్తే పనిచేసింది! పెద్ద పెద్ద ఆఫీసుల్లో నడిచే సాంబా మళ్లీ ఊపిరి పోసుకుంది మియా-బీవీల రెండు కంప్యూటర్ల మధ్యనన్నమాట.

పేరుదీ ఒక ఖిస్సా. మొదట్లో ఎస్ఎంబీ సర్వర్ అన్నారు. ఆ పేరు మాదని ఒక కంపెనీ అభ్యంతరం చెప్పింది. ట్రిజెల్ యూనిక్స్‌లోని పదాల జాబితాలో ఎస్, ఎం, బీ వరసగా వచ్చే మాటలు వెతికితే బ్రెజిల్ వాళ్ల నాచ్ పేరు దొరికింది.

అసలు జంగ్ తర్వాత వచ్చింది. విండోస్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ కొత్త మాటలు, సాంబా వాళ్లు మళ్లీ కాన్ పెట్టి వినడం. ఐరోపా కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జుర్మానా వేసి, పోటీదారులకు ఈ మాలూమాత్ ఇవ్వాలని హుకుం చేసింది. కంపెనీ అదాలత్‌కు పోయింది. అక్కడ సాంబా తరఫున ట్రిజెల్, జెరెమీ ఆలిసన్, ఫోల్కర్ లెండెకె నిలబడ్డారు. 2007 సెప్టెంబర్ 17న కమిషన్ పక్షానే ఫైసలా వచ్చింది. ఆ డిసెంబర్‌లో ఒక్కసారి 10,000 యూరోలు కట్టి సాంబా వాళ్లు దస్తావేజులు అందుకున్నారు. 2008లో మైక్రోసాఫ్ట్ వాటిని అందరికీ తెరిచింది. 2011లో ఆ కంపెనీ ఇంజనీరే సాంబాకు కోడ్ పంపాడు.

ఇదంతా నాకెందుకంటే, అబ్బా రాసుకున్న ఉర్దూ కాగితాలన్నీ ఇన్‌పేజ్‌లో ఉన్నాయి. ఇన్‌పేజ్ విండోస్‌ది. నేను తెలుగు రాసేది లినక్స్‌లో. ఆ అమానత్ రెండు చోట్లా భద్రంగా ఉండాలి, ఏ కంపెనీ ఇజాజత్ కోసమూ ఎదురుచూడకుండా.

ఒక హెచ్చరిక. 2017 మేలో వన్నాక్రై లోకాన్ని వణికించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ తగిలింది. అది దూరింది పాత ఎస్ఎంబీ వెర్షన్ ఒకటిలోని కంతలోంచే. ఆ ఏడాది చివర్నుంచి కొత్త విండోస్ 10 ఇన్‌స్టాలేషన్లలో వెర్షన్ ఒకటి ఉండటం లేదు. 2019లో సాంబా కూడా దాన్ని మామూలుగా మూసే ఉంచడం మొదలుపెట్టింది. అందుకే కొన్ని ఇళ్లల్లో పాత లినక్స్ పెట్టె విండోస్‌కు ఉన్నట్టుండి కనబడటం మానేసింది. వెర్షన్ ఒకటిని మళ్లీ ఆన్ చేయమని దోస్తులు సలహా ఇస్తారు. చేయకండి. లినక్స్ వైపు సాంబాను కొత్తది చేసి, విండోస్‌లో ఆ పెట్టె పేరో ఐపీ నంబరో నేరుగా కొట్టి చూడండి.