తిరుగాడే మనిషి - చట్టం చూపు

మనిషిని అతని ఇష్టం లేకుండా పట్టి ఉంచడానికి రాజ్యానికి రెండు దారులున్నాయి: ఒకటి నేరం, రెండోది పిచ్చి. మొదటిదాని మీద మన సాహిత్యంలోనూ ఉద్యమాల్లోనూ చాలా చర్చ జరిగింది. రెండోదాన్ని డాక్టర్ల వ్యవహారమని వదిలేశాం. ఆ చట్టాల చరిత్ర చూస్తే వైద్యం కంటే ముందు ఆస్తీ, శాంతిభద్రతలూ కనిపిస్తాయి.

కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన 1858లోనే పిచ్చివాళ్ల గురించి మూడు చట్టాలు చేశారు. అందులో రెండు, మతి చలించినవాడి ఆస్తిని ఎవరు చూసుకోవాలన్నవి. పిచ్చాసుపత్రుల గురించి ఒక్కటే. వలస పాలకుల లెక్క ఏమిటో దీన్నిబట్టే తెలుస్తుంది. వీటి స్థానంలో 1912లో భారత ఉన్మాదుల చట్టం వచ్చింది. దాని 13వ సెక్షను ప్రకారం, తిరుగాడుతూ కనిపించినవాడు పిచ్చివాడని నమ్మితే స్టేషను అధికారి అరెస్టు చేయవచ్చు. ప్రమాదకారి అని నమ్మితే చేసి తీరాలి. ఇంటివాళ్లు అర్జీ పెట్టుకుంటే ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు కావాలి. పోలీసు పట్టుకొచ్చినవాడికి ఒక్క డాక్టరు మాట, మేజిస్ట్రేటు సంతకం చాలు. దిక్కున్నవాడికి ఇద్దరు, దిక్కులేనివాడికి ఒకడు!

ఆ రోజుల్లో భద్రాచలం తాలూకా మద్రాసు రాజధానిలో, మా ఏన్కూరు నైజాం ఏలుబడిలో ఉండేవి. రెండూ ఒకే ఖమ్మం జిల్లా కిందికి రావడం 1959లో జరిగింది. సరిహద్దు గీత దొరలది. అడవి మాత్రం ఒక్కటే. ఇప్పపువ్వుకూ తునికాకుకూ పోడుకూ సంతకూ తిరగడమే ఇక్కడి కోయల బతుకు. అలాంటి చోట తిరుగాడటాన్నే అనుమానానికి మొదటి ఆధారంగా పెట్టిన చట్టం ఎవరి కళ్లతో రాసిందో వేరే చెప్పనక్కర్లేదు. సంచార కులాలకు పుట్టుకతోనే నేరముద్ర వేసిన 1871 చట్టానికి ఇది చుట్టమే.

1987లో కొత్త చట్టం చేశారు, 1993 ఏప్రిల్ 1న అమల్లోకి తెచ్చారు. పేరులో పిచ్చి పోయింది, తిరుగాడటం పోలేదు. తనను తాను చూసుకోలేని స్థితి అన్న షరతు చేర్చి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచమన్నారు. ఏ నేరమూ చేయని మానసిక రోగుల్ని జైళ్లలో ఉంచడం చట్టవిరుద్ధమని షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది కూడా 1993లోనే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో చనిపోయారు. ఆ గొలుసులు వేసింది ఆసుపత్రి కాదు, దర్గా చుట్టూ వెలిసిన ప్రైవేటు షెడ్ల యజమానులు. చికిత్స దొరకని చోట గొలుసుకు గిరాకీ ఉంటుంది.

2017 చట్టం, 2018 మే 29న అమల్లోకి వచ్చింది, నిజంగా ఒక మెట్టు ఎక్కింది. సమాజపు నీతికో రాజకీయ విలువలకో ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగి అనరాదని 3వ సెక్షను రాసుకుంది. అసమ్మతిని జబ్బుగా చూపిన ప్రభుత్వాలను చరిత్రలో చూశాం కనుక ఈ వాక్యం విలువ తక్కువది కాదు. ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే తనకు హాని, ఇతరులకు హాని, లేదా ప్రమాదం తెచ్చేంతగా తనను తాను చూసుకోలేకపోవడం కనిపించాలి. ఒక మానసిక వైద్యుడు, మరొక నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి. మొదటి గడువు 30 రోజులు. రోగి తరఫున ప్రతినిధి అడగాలి. ఎవరూ లేనివాడికి సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరో, ఆయన పంపినవాడో ప్రతినిధి.

నా సందేహమంతా ఆ మూడో కారణం మీదే. గుడిసె లేక, కూలి దొరక్క, ఒంటి మీద గుడ్డ చిరిగి రోడ్డు పక్క పడుకున్న మనిషి తనను తాను చూసుకోలేకపోవడం జబ్బువల్లనా, లేమివల్లనా? పుస్తకం జబ్బువల్లనే కావాలంటుంది. ఆ తేడా తేల్చవలసిన మానసిక వైద్యుడు ఏన్కూరు నుంచి చూస్తే ఖమ్మంలో ఉంటాడు. పెద్దాసుపత్రి హైదరాబాదు ఎర్రగడ్డలో, రెండు వందల కిలోమీటర్ల పైన. అంతదాకా తేల్చేది కానిస్టేబులే.

అదే చట్టం 100వ సెక్షనులో పోలీసుకు మరో పని పెట్టింది: అలాంటివాణ్ణి లాకప్పులో ఉంచకూడదు, 24 గంటల్లో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఇల్లూవాకిలీ లేనివాడైతే తప్పిపోయిన మనిషిగా ఎఫ్.ఐ.ఆర్. రాసి, అతని ఇంటివాళ్లను వెతకాలి. మా వైపు స్టేషన్లలో అలాంటి ఎఫ్.ఐ.ఆర్.లు ఎన్ని రాశారో అడగవలసిన పని మన సంఘాలది.