మందుపాతరల ప్రమాదంపై ప్రజావగాహన: తెలుగు ప్రాంతాల చరిత్ర

మందుపాతరలూ పేలకుండా మిగిలిన బాంబులూ ఉన్న చోట బతికే జనానికి ఆ ప్రమాదాన్ని వివరించి, ప్రాణం కాపాడుకునే పద్ధతులు నేర్పే పని 1980ల చివర సోవియట్ సేనలు వెనుదిరుగుతున్న అఫ్గానిస్థాన్‌లో ఒక రూపు దిద్దుకుంది. తర్వాత కంబోడియా, అంగోలా, బోస్నియాలకు పాకింది. 1996లో బోస్నియా పిల్లల కోసం సూపర్‌మ్యాన్ బొమ్మల పుస్తకం వేశారు. అఫ్గాన్ పల్లెల్లో అదే హెచ్చరికను రేడియో నాటకం మోసుకెళ్ళింది. ఐక్యరాజ్యసమితి 2005లో ఏప్రిల్ 4వ తేదీని ఇందుకోసం కేటాయించింది. బోధనా సామగ్రి దేశానికో తీరుగా ఉన్నా పాఠం మాత్రం ఎక్కడైనా మూడు ముక్కలే: అనుమానం కలిగించే వస్తువును తాకవద్దు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళు, సంబంధించిన వాళ్ళకు చెప్పు. తెలుగు ప్రాంతాల చరిత్ర చూస్తే మొదటి రెండు ముక్కలూ నేర్పడం కష్టం కాదని తేలుతుంది. చిక్కంతా మూడోదానితోనే.

ఇక్కడ మందుపాతర చాలాకాలం రోడ్డుకు సంబంధించిన ఆయుధం. కల్వర్టు కిందో తారు అంచునో పేలుడు పదార్థం పాతి, తీగ లాగి, దూరాన పొదల్లో కూర్చున్న మనిషి వాహనం వచ్చిన క్షణంలో మీట నొక్కేవాడు. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డి అలాగే చనిపోయారు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో క్లెమోర్ మైన్లు పేలి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గాయాలతో బయటపడ్డారు. అడవి ఛాయలే లేని నెల్లూరు తీరానికీ ఆ పద్ధతి వచ్చింది. 2007 సెప్టెంబరు 7న కోట మండలం విద్యానగర్ దగ్గర మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి, ఆయన భార్య, అప్పటి మంత్రి రాజ్యలక్ష్మి ప్రయాణిస్తున్న కాన్వాయ్‌పై మావోయిస్టులు మందుపాతర పేల్చారు. దంపతులు బతికారు, ముగ్గురు చనిపోయారు. కోట, వాకాడు మండలాల రైతులకో రొయ్యల చెరువుల కూలీలకో ఆనాడు అవగాహన తరగతులు పెట్టి ఉంటే ఒరిగేదేమీ లేదు. మీట మనిషి చేతిలో ఉన్న మందుపాతర దారిన పోయేవాడి జాగ్రత్తతో ఆగదు. ఆ కాలంలో శిక్షణంతా పోలీసులకే అందింది: జీపులు వదిలి నడవడం, కల్వర్టులు ముందే తనిఖీ చేయడం, ఒకే దారిన రెండుసార్లు వెళ్ళకపోవడం. జనానికి విడిగా బోధన లేకపోవడాన్ని నిర్లక్ష్యం అనేవారున్నారు. ఆ దశ వరకు ఆ మాట పూర్తిగా న్యాయం కాదు. అయితే పోలీసులు జీపులు వదిలి మామూలు బస్సులెక్కినచోట ముప్పు జనం మీదికీ మళ్ళింది. 2010 మే 17న పొరుగున ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడలో అలాంటి బస్సును పేల్చేస్తే 30 మందికి పైగా మరణించారు. వారిలో సాధారణ ప్రయాణికులూ ఉన్నారు.

లెక్క మారింది ప్రెషర్ బాంబులతో. అడవిని గాలించే కూంబింగ్ బలగాలు కాలినడకన తిరగడం మొదలుపెట్టాక మావోయిస్టులు కాలిబాటల మీద, గుట్టల మీద అడుగు పడితే పేలేవి పాతారు. ఆ బాంబుకు పోలీసు ప్రత్యేక దళమైన గ్రేహౌండ్స్ జవాను ఎవరో, కట్టెలకు వచ్చిన కోయ రైతు ఎవరో తెలియదు. 2020 ఆగస్టులో విశాఖ మన్యం పెదబయలు మండలంలో ఇద్దరు గిరిజనులు, 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలం కొంగాల అడవిలో కట్టెలకు వెళ్ళిన ఒకరు ఇలాగే చనిపోయారు. తునికాకు, ఇప్పపువ్వు, వెదురు, తప్పిపోయిన పశువు... ఏ పనికైనా అడవిలోకి వెళ్ళక తప్పనివాళ్ళు వీళ్ళు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ-ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల మీద బాంబులు అమర్చాం, ఎవరూ రావద్దని మావోయిస్టు పార్టీ కమిటీ పేరుతో ప్రకటన వచ్చింది. జనానికి అందిన ప్రమాద హెచ్చరికల్లో అంతకంటే సూటిగా ఉన్నది అరుదు. దాన్ని రాసింది బాంబు పెట్టినవాళ్ళే కావడం ఇక్కడి చరిత్రలోని విడ్డూరం. పైగా అది గుట్టలన్నింటినీ మూసేసిందే తప్ప ఏ బాట ఫర్వాలేదో చెప్పలేదు.

అడవి బిడ్డలకు అడవి గురించి ఒకరు నేర్పాలా అని అడగవచ్చు. లావోస్ దీనికి సగం జవాబు చెబుతుంది. 1964-73 మధ్య అమెరికా అక్కడ 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. తర్వాతి తరాల్లో వాటిని పాత ఇనుముగా ఏరుకుని అమ్మిన పేదలు చాలామంది ప్రమాదం తెలిసే ఆ పని చేశారు. కాబట్టి తెలియజేయడం ఒక్కటే చాలదు, బతుకుతెరువు కూడా చూపాలి. మిగతా సగం జవాబు ఇక్కడిదే. అనుమానాస్పదమైన తీగను చూసిన మనిషి ఎవరికి చెప్పాలి? పోలీసులకు చెబితే ఇన్‌ఫార్మర్ ముద్ర పడుతుంది, ఆ ముద్రతో ప్రాణాలు పోయిన పల్లెలు ఏజెన్సీలో ఎన్నో. చెప్పకుండా ఉండి, ఆ తర్వాత అది పేలితే ముందే తెలుసు కదా అనే అనుమానం అతని మీదికే వస్తుంది. ఎటు చూసినా మౌనమే క్షేమంగా కనిపించే చోట మూడో పాఠం గోడ మీద పోస్టరుగా మిగిలిపోతుంది. పోలీసులు గ్రామసభలు పెట్టి చెబుతున్నారు కదా అంటే, వాళ్ళ మాట నిజమే కావచ్చు, కానీ వాళ్ళు పోరులో ఒక పక్షం. ఆరోగ్య కార్యకర్త, బడి పంతులు, ఊరి పెద్ద కోయ భాషలోనో కువిలోనో చెబితే వినేవాళ్ళు తెలుగు కరపత్రంతో వచ్చిన యూనిఫాం ముందు నోరు విప్పరు.

చట్టం ఈ ఖాళీని పూడ్చలేదు. మనుషులపై వాడే మందుపాతరలను నిషేధించిన 1997 ఒట్టావా ఒప్పందంలో భారత్ చేరలేదు. కొన్ని రకాల ఆయుధాల వాడకంపై ఉన్న మరో అంతర్జాతీయ ఒప్పందానికి అనుబంధమైన, పౌరులకు హెచ్చరిక ఇవ్వాలనే 1996 నాటి సవరించిన రెండో ప్రోటోకాల్‌ను మాత్రం 1999లో ఆమోదించింది. అది దేశం లోపలి సాయుధ సంఘర్షణలకూ వర్తిస్తుంది. అయితే మావోయిస్టు సమస్యను ప్రభుత్వం సాయుధ సంఘర్షణగా ఒప్పుకోదు కాబట్టి ఆ నియమం ఇక్కడ కాగితం దాటలేదు. ఇంకో దారి లేకపోలేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన జెనీవా కాల్ సంస్థ మనుషులపై వాడే మందుపాతరలు మానేస్తామని సాయుధ సంస్థలతోనే హామీపత్రం రాయిస్తుంది. 2003లో నాగా సంస్థ ఎన్‌ఎస్‌సీఎన్-ఐఎం దానిపై సంతకం చేసింది. కొలంబియాలో 2015లో ప్రభుత్వం, ఫార్క్ గెరిల్లాలు తుది శాంతి ఒప్పందం కుదరకముందే ఎల్ ఒరెహోన్ అనే పల్లెలో కలిసి మందుపాతరలు తీయడానికి ఒప్పుకున్నాయి. నార్వే సంస్థ ఒకటి మధ్యన నిలిచింది. పాతినవాళ్ళే చోటు చూపారు, ఊరివాళ్ళు ఎవరి పక్షాన ఉన్నారో తేల్చుకోవాల్సిన పని తప్పింది.

చోట్లు బయటపెడితే భద్రతా రహస్యాలు పోతాయని, పేలుడు పదార్థాలు వేరే చేతుల్లో పడతాయని అభ్యంతరం చెబుతారు. అందులో కొంత నిజముంది. కానీ జనానికి కావలసింది బాంబు తయారీ వివరం కాదు, ఏ గుట్ట, ఏ బాట, ఏ వాగు దాటకూడదు అన్నదే. 2025లో మావోయిస్టులు పెద్ద సంఖ్యలో లొంగిపోయారు. ఎక్కడెక్కడ పాతారో తెలిసినవారు వాళ్ళలో ఉంటారు. వాళ్ళు చెప్పినది విచారణ ఫైలు దాటి వాజేడు, వెంకటాపురం, చర్ల మండలాల పంచాయతీలకు చేరాలి. తునికాకు ఏరే వేసవికి ముందే చేరితేనే దాని వల్ల ప్రయోజనం.