రేనాడు: మ్యాప్‌లో లేని జిల్లా

2019లో 'సైరా' సినిమా వచ్చాక చాలామంది నోట 'రేనాడు' అన్న మాట కొత్తగా వినిపించింది. అదేదో కథ కోసం అల్లిన రాజ్యం కాదు. ఒకప్పటి పాలనా విభాగం, ఇప్పటి భాషలో చెప్పాలంటే ఒక జిల్లా. శాసనాల్లో 'రేనాడు ఏడువేలు' అని కనిపిస్తుంది. ఇప్పటి పేర్లతో చెప్పుకుంటే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కమలాపురం, పులివెందుల, అటు కర్నూలు వైపు కోయిలకుంట్ల ఇందులోకి వస్తాయి.

ఈ ఊళ్ళని కలిపింది ఏంటి? మ్యాప్‌లో జిల్లా గీతలు చెరిపేసి నదులు మాత్రం ఉంచి చూడండి. గండికోట దగ్గర కొండల్ని చీల్చుకుని పెన్న జమ్మలమడుగు మైదానంలోకి దిగి, ప్రొద్దుటూరు పక్కనుంచి పోతుంది. కోయిలకుంట్ల వైపు నుంచి కుందూ, వేంపల్లె వైపు నుంచి పాపాఘ్ని వచ్చి కమలాపురం చుట్టుపక్కల అందులో కలుస్తాయి. ఆ నీళ్ళన్నీ నెల్లూరు దాటి సముద్రానికి చేరతాయి. అంటే రేనాడు చాలావరకు ఒకే నదీ లోయ, నల్లరేగడి నేల.

ఈ నేల మీదే, ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో, సుమారు క్రీ.శ. 575లో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. దొరికినంతలో తొలి తెలుగు శాసనంగా దాన్నే చెప్తారు. అంతకుముందు రాజులు శాసనాలకు ప్రాకృతమో, సంస్కృతమో వాడేవారు. ఊరివాళ్ళ భాషలో రాజు మాట రాయించడం అప్పట్లో చిన్న సంగతేం కాదు.

గీతలు మారింది తర్వాత. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. మన్రో కలెక్టరుగా శిస్తు లెక్కలు కట్టాడు. 1808లో దత్తమండలాలు బళ్ళారి, కడప జిల్లాలయ్యాయి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డప్పుడు కోయిలకుంట్ల కడప జిల్లాలోదే. 1858లో అది కర్నూలుకి పోయింది. 2022 నుంచి నంద్యాల జిల్లా. తాలూకా ఉన్నచోటే ఉంది, పై అధికారి ఉండే ఊరే మారుతూ వచ్చింది.

నీళ్ళ వాటా కూడా అలాగే చీలింది. సుంకేసుల నుంచి తుంగభద్ర నీళ్ళు తెచ్చే కేసీ కెనాల్ ప్రొద్దుటూరు వైపు వరి పండించింది. ఆ నీళ్ళు అందని పులివెందుల రైతు బోర్లు వేసుకుంటూ పోయాడు. ఒకే నాడు, రెండు తలరాతలు.

'రాయలసీమ' అన్న పేరు 1928 నంద్యాల సభల్లో స్థిరపడింది. దానికి ఇంకా వందేళ్ళు నిండలేదు. సినిమాలు ఆ పేరుకి బాంబులూ సుమోలూ తగిలించాయి. దానికన్నా పదమూడు వందల ఏళ్ళు పాతదైన పేరు మాత్రం 'రేనాటి వీరుడు' లాంటి మాటల్లో విశేషణంగా మిగిలింది. ఏ ఆఫీసు బోర్డు మీదా లేదు.

పేర్లు ఇప్పటికీ పోతూనే ఉన్నాయి. గండికోట జలాశయం కోసం 2020లో తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయింది. నీళ్ళు కావాలి, కాదనలేం. కానీ మునిగిన ఊళ్ళ గుళ్ళు, చేల పేర్లు, వీధుల పేర్లు ఎవరో ఒకరు రాసిపెట్టాలి. పరిహారం ఫైళ్ళలో ఎకరాలు, ఇళ్ళ లెక్కలే ఉంటాయి. కలమళ్ళ రాయి మీద కనీసం పేర్లున్నాయి. రేనాడు ఉండేదని మనకి తెలిసింది అలాంటి రాళ్ళ వల్లే.