గ్రహములను తూచిన విధము

సూర్యకుటుంబమున గ్రహములు రెండు తెగలు. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు చిన్నవి. రాతితోను ఇనుముతోను కూడినవి. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ పెద్దవి. వానిపై కాలు మోపదగిన నేల లేదు. పాఠ్యపుస్తకమున ఈ విషయము రెండు వాక్యములతో ముగియును. కాని ఒక గ్రహము రాయియో వాయువో, అచ్చటికి పోకుండనే ఎట్లు తెలిసినది?

మొదటి సాధనము ఉపగ్రహము. 1610లో గెలీలియో గురుని చుట్టు నాలుగు ఉపగ్రహములను చూచెను. వానిలో అన్నిటికంటె లోపలిదైన అయో గురుని కేంద్రమునకు 4,21,700 కిలోమీటర్ల దూరమున తిరుగుచున్నది. మన చంద్రుని దూరము 3,84,400 కిలోమీటర్లు. దూరములందు భేదము స్వల్పమే. అయినను చంద్రునికి ఒక చుట్టునకు 27.3 దినములు పట్టగా, అయోకు 1.77 దినములే చాలును. ఈ లెక్కను విద్యార్థులు తామే చేయవచ్చును. కాలముల నిష్పత్తి 15.4; దాని వర్గము 237. దూరముల నిష్పత్తి 1.097, దాని ఘనము 1.32. రెంటిని గుణించిన 313 వచ్చును. గురుని ద్రవ్యరాశి భూమికి అన్ని రెట్లన్నమాట. నేటి విలువ 318. ఒక కాగితము ముక్కపై చేసిన లెక్కకు ఇది చాలదా?

గురుని ఘనపరిమాణమో, భూమికి సుమారు 1,320 రెట్లు. చోటు 1,320 భూములది, బరువు 318 భూములది! అందలి పదార్థము సగటున భూమి పదార్థములో నాల్గవ వంతు సాంద్రత గలది.

ఈ మార్గమును చూపినవాడు న్యూటను. 1687లో వెలువడిన అతని ‘ప్రిన్సిపియా’కు 1726 నాటి మూడవ కూర్పులో, సూర్యుని సాంద్రత 100 అనుకొన్నచో గురునిది 94½, శనిది 67, భూమిది 400 అని కలదు. బుధ, శుక్ర, కుజులకు ఇట్టి అంకెలు లేవు. వానికి ఉపగ్రహములున్నట్లు నాడెవరికిని తెలియదు. (కుజుని రెండు చంద్రులను అసాఫ్ హాల్ 1877లో గాని కనుగొనలేదు.) సూర్యతాపమునకు తగినట్లు దగ్గరి గ్రహములు దట్టముగ నున్నవని న్యూటను తలచెను.

1798లో కావెండిష్ సీసపు గుండ్లతో భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని తేల్చెను; నేటి విలువ 5.51. దానితో నిష్పత్తులకు కొలత దొరకినది. గురునిది 1.33, శనిది 0.69, అనగా నీటికంటె తేలిక. సామాన్యమైన బండ ఇంత తేలికగ నుండదు. మరి అది యేమి?

ఇచ్చట శాస్త్రజ్ఞులు చాలకాలము తడబడిరి. గురుడు ఇంకను చల్లారని చిన్న సూర్యుని వంటిదని 1870 ప్రాంతమున ప్రాక్టర్ ప్రచారము చేసెను. వేడికి ఉబ్బినది గనుక తేలిక యని భావము. 1920 తరువాతి దశకమున పరారుణ కిరణములను కొలువగా, గురుని మేఘములు సున్నకు వంద డిగ్రీలకంటె దిగువ నున్నట్లు తేలినది. ఆ వాదమంతటితో సరి. 1932లో రూపర్ట్ విల్ట్ గురుని వర్ణపటమునందలి నల్లని పట్టీలు అమోనియా, మీథేనులవని గుర్తించెను. రెండును ఉదజని సమ్మేళనములే! 1995 డిసెంబరు 7న గెలీలియో నౌక విడిచిన పరికరము గురుని వాతావరణమున దిగి, అందు ఉదజని, హీలియములే ప్రధానమని కొలిచి చూపినది.

ఈ భేదమునకు హేతువు మంచు అని నేటి అభిప్రాయము. సూర్యుని చెంత రాయి, లోహము మాత్రమే గడ్డకట్టగలిగినవి; అవి ఆదిమేఘమున కొద్దిపాటివి. కుజుని దాటిన పిదప నీరును గడ్డకట్టెను. ముద్దలు పెరిగి ఉదజనిని పట్టి నిలిపినవి. యురేనస్, నెప్ట్యూనులకు ఉదజని తక్కువగ దక్కినది.

అయితే 1995లోనే మేయర్, కెలో అను ఖగోళజ్ఞులు పెగాసస్ రాశిలో 51వ నక్షత్రము చుట్టు ఒక గ్రహమును కనుగొనిరి. దాని ద్రవ్యరాశి కనీసము గురునిలో సుమారు సగము. దాని సంవత్సరము 4.2 దినములు! అంత వేడిలో మంచు ఎక్కడిది? అది దూరమున పుట్టి లోనికి జరిగినదని పలువురందురు. ఉన్నచోటనే పెరిగినదను వారును కలరు.