పట్టపగలు సైకిలుకు దీపమెందుకు?

పట్టపగలు దీపం వెలిగించుకొని సైకిలుపై పోయేవారిని చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. సైకిలు దీపం చీకటిలో దారి చూడడానికేనని మన తలంపు. కాని దారి చూసుకోవడం వేరు, ఎదుటివారి కంటపడడం వేరు. ఈ రెండవ అవసరం పగలు కూడా తీరదు. డెన్మార్క్ దేశస్థులు దీనిని లెక్క కట్టి చూశారు.

ఆ దేశంలోని ఓడెన్సె నగరంలో 2004-05లో దాదాపు 3,800 మంది సైకిలు వాడకందార్లను రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టువారి సైకిళ్ల స్పోకులకు అయస్కాంతాలు బిగించి, చక్రం తిరిగినంతసేపూ రాత్రింబగళ్లు వాటంతట అవే వెలిగే దీపాలను అమర్చారు. రెండవ జట్టువారు మామూలుగానే తిరిగారు. దీపాల జట్టులో, గాయాలకు దారితీసిన ప్రమాదాలు 19 శాతం తక్కువగా నమోదయ్యాయి.

దుస్తుల పరీక్ష తరువాత వచ్చింది. 2012-13లో అదే దేశంలో 6,793 మందిని ఎంచి, సగం మందికి మెరిసే పసుపు రంగు జాకెట్లు ఇచ్చారు. జాకెట్ జట్టులో ఇతరులతో ఢీకొని గాయపడిన ఘటనలు 47 శాతం తక్కువ. అయితే ఆ జట్టులో తమంత తామే జారిపడిన ప్రమాదాల లెక్కా తక్కువగానే వచ్చింది! జాకెట్ రంగు జారిపడడాన్ని ఆపలేదు కదా. జాకెట్ తొడిగినవారు ప్రమాదాలను తక్కువగా తెలియజేశారని పరిశోధకులు భావించి, ఆ మేరకు సవరించి 38 శాతమని తేల్చారు. తమ లెక్కను తామే తగ్గించుకున్నారు గనుక ఈ అంకెను ఎక్కువ నమ్మవచ్చు.

ఇక కారణం. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు నేలపై వెలుతురు సుమారు లక్ష లక్సులు. అంతటి వెలుగులో చిన్న దీపం నిలకడగా వెలిగితే కన్ను దానిని లెక్కచేయదు. ఆరుతూ వెలుగుతూ ఉంటే ఆ మార్పును పట్టుకుంటుంది. (జర్మనీలో మాత్రం సైకిలుకు మిణుకు దీపాలను చట్టం ఒప్పుకోదు.) ఫ్లోరసెంట్ బట్ట చేసే పని వేరు. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని, కనబడే వెలుగుగా తిరిగి విడుస్తుంది. అందుచేత చుట్టుపక్కల వస్తువులకన్నా మిన్నగా మెరుస్తుంది. పగటి వెలుతురులో మన కన్ను అన్నింటికన్నా తేలికగా గ్రహించేది ఆకుపచ్చ కలిసిన పసుపునే.

అయినా ఏ రంగైనా దాని వెనుకనున్న దృశ్యాన్ని బట్టే రాణిస్తుంది. బళ్లారి, రాయచూరు ప్రాంతాల నల్లరేగడి నేలపై పసుపు చొక్కా దూరానికే కనబడుతుంది. అదే చొక్కా విరగబూసిన పొద్దుతిరుగుడు చేని పక్కన కలిసిపోతుంది. పచ్చని వరిచేల నడుమ నారింజ రంగు మేలు. తెల్లని పంచె, చొక్కా చాలునని పెద్దలు అంటారు. ముదురు రంగులకన్నా తెలుపు మెరుగే గాని, దుమ్ము లేచిన మట్టిరోడ్డుపై, తెల్లబారిన ఆకాశం ముందర అది మాయమవుతుంది.

దీపానికి అసలైన చోటు చింతచెట్ల నీడ పరచిన రోడ్డు. మండుటెండలోనుండి నీడలోకి ప్రవేశించే లారీ డ్రైవరు కన్ను ఆ మార్పుకు అలవాటు పడేలోపల సైకిలు అతనికి మచ్చలలో ఒక మచ్చ. అక్కడ వెనుకవైపు మిణికే ఎర్రదీపం ప్రాణం నిలపగలదు. దీపం ముందు వెనుకలకే కనబడుతుంది గనుక, పక్క దారినుండి వచ్చే బండికి దుస్తులే ఆధారం. తమిళనాడు ప్రభుత్వం ప్లస్‌వన్ విద్యార్థులకు ఇచ్చే సైకిళ్లపై మన సరిహద్దు పల్లెల పిల్లలూ బడికి పోతున్నారు. వారి వీపునున్న సంచి మీద మెరిసే గుడ్డ ఒకటి కుట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కనబడినంత మాత్రాన డ్రైవరు మర్యాద చూపుతాడని లేదు. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో పనిచేసిన ఇయాన్ వాకర్ ఏడు రకాల వేషాలతో సైకిలిస్టును దాటిపోయే వాహనాల దూరాన్ని కొలిపించారు. పోలీసు అనే మాట, వీడియో తీస్తున్నామనే హెచ్చరిక ఉన్న అంగీకి మాత్రమే కొంచెం ఎక్కువ ఎడమిచ్చారు. తక్కినవాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

చీకటి పడ్డాక ఫ్లోరసెంట్ గుడ్డ బలం పోతుంది; దాని పనిని హెడ్‌లైట్ల కాంతిని తిప్పికొట్టే రిఫ్లెక్టర్ పట్టీ చేయాలి. పట్టీని చీలమండకు, మోకాలికి కట్టుకుంటే, తొక్కేటప్పుడు కదిలే కాళ్లను బట్టి అక్కడున్నది మనిషేనని డ్రైవరు గుర్తిస్తాడు. పగలు మాత్రం ఈ పట్టీ ఒట్టి బూడిదరంగు గుడ్డ.

కొనేవారు గమనించవలసినవి కొన్ని కలవు. ఫ్లోరసెంట్ రంగు ఎండకు, ఉతుకులకు వెలిసిపోతుంది. వెలిసిన జాకెట్‌ను ఏళ్ల తరబడి తొడిగినా పగటిపూట ప్రయోజనం స్వల్పం. వెనుక దీపం నేలచూపులు చూడకుండా వెనుకవచ్చే బండికి ఎదురుగా ఉండాలి. క్యారియరుపై గడ్డిమోపో, పాలక్యానో కట్టేవారు దీపాన్ని సీటు కింద పెట్టుకుంటే అది కప్పడిపోతుంది. వెనుక మడ్‌గార్డు చివర బిగించుకోవడం మంచిది.